ఏడాది తిరగకుండా కార్ల పందేనికి

అప్పన్నా, మీ అమ్మను. నాకు రాయడం రాదు కాబట్టి నేను చెబుతుంటే నీ కూతురు రాస్తోంది. నువ్వు వెళ్లాలనుకున్న, ఫ్రాన్సులో ఇరవై నాలుగు గంటలు సాగే కార్ల పందేనికి మేమిద్దరం టిక్కెట్లు తీసుకున్నాం.

నువ్వు పోయి ఇంకా ఏడాది కాలేదని మీ పెదనాన్న కంచరపాలెం నుంచి వచ్చి తగువు పెట్టుకున్నాడు.

"మైల ఏడాదిలో పెయాణాలేటమ్మా?"

"సింహాచలం కొండెక్కొద్దన్నారు, ఎక్కలేదు. కార్ల పందెం గుడేటి బావగారూ? అక్కడ ఏ దేవుడికి అంటు?"

"నీకు కార్ల గురించి ఏటి తెలుసు?"

ఆ మాట నిజమే. ఏటా నువ్వు రాత్రంతా ఫోనులో ఆ పందెం చూస్తుంటే పడుకోమని తిట్టానేగాని, అందులో నీకు నచ్చిన కారేదని ఒక్కసారీ అడగలేదు. అందుకే అక్కడ ఇరవై నాలుగు గంటలూ కూర్చుని, వచ్చిన ప్రతి కారునూ చూస్తాను.