వేటకెళ్లే రోజు గాలి

గుణదల, మే 9

అమ్మకు,

నేను బాగున్నాను. హాస్టల్లో చేపల పులుసే బాగోదు.

జపనీస్ క్లాసులో ఉత్తరాలు రాయిస్తున్నారు. జపాన్ వాళ్లు ఏ ఉత్తరమైనా ముందు రుతువు సంగతితో మొదలుపెడతారట. నేనూ అందరిలాగే ఎన్నడూ చూడని చెర్రీ పూల గురించి రాశాను. మేడం కొట్టేసి, "మీ ఊళ్లో ఇప్పుడేం కాలం?" అన్నారు.

"సర్కారు సముద్రంలో చేపల వేట ఆపేసిన కాలమండీ. మా నాన్న ఒడ్డున కూర్చుని వలలు బాగుచేస్తుంటాడు."

"అదే రాయండి. మళ్లీ వేటకెళ్లే రోజున ఏ గాలి వీస్తుంది?"

నాకు తెలియలేదు. పంతొమ్మిదేళ్లు ఆ వేట మీదే తిన్నాను.

జపాన్ ఉద్యోగం ఇంటర్వ్యూ ఇరవయ్యో తారీఖున. అందులోనూ సొంతూరి కాలాల గురించి అడుగుతారట. తమ్ముడు చిట్టిబాబు ఇటు వస్తే నా గొడుగు ఇచ్చి పంపు. మామ్మ కంట్లో చుక్కలు వేసుకుంటోందా? ఆమెకు నా దండాలు చెప్పు.

జపాన్ వెళ్తానన్నప్పటి నుంచి నా ఫోన్ వస్తే నాన్న మాట్లాడకుండా నీ చేతికిచ్చేస్తున్నాడు. అందుకే ఈ కార్డు. నాన్నకు చదివి వినిపించు. ఆ గాలి పేరు నీకు తెలిసినా నువ్వు మాత్రం చెప్పకు.

నాగమల్లేశ్వరి