ఆదెమ్మ గీతలు

సింగరాయకొండ,
ఫిబ్రవరి 2002

ఖుర్షిదా గారికి,

బుల్లయ్య నమస్కరించి రాయునది. చదివేసిన నవలలు పోస్టులో మార్చుకుందామని మీరు వారపత్రికలో వేయించిన నాలుగు ముక్కలు చూశాను. నేను పొగాకు రైతును. మా ఇంట్లో అలమర నిండా నవలలున్నాయి, చదివేవాళ్లు లేరు. మచ్చుకి కొన్ని పంపుతున్నాను. బదులుగా హత్యలున్నవి పంపండి. ఏడుపులున్నవి వద్దు.

ఇట్లు,
బుల్లయ్య

తా.క.: పుస్తకాలు పొగాకు వాసన కొడితే ఏమీ అనుకోకండి. ఈ రోజుల్లో మా ఊళ్లో అన్నం కూడా అదే వాసన.


పిడుగురాళ్ల

బుల్లయ్య గారికి,

నమస్తే. హత్య ఉన్న నవల పంపుతున్నాను. దులిపితే తెల్లగా రాలేది మా ఊరి సున్నపు బట్టీల దుమ్ము.

ఇక అసలు సంగతి. మీరు పంపిన ఒక నవలలో ఒక వాక్యం కింద పెన్సిల్ గీత ఉంది: “నువ్వు పక్కనే ఉన్నా నీకోసం ఎదురుచూస్తూనే ఉన్నాను.” పేజీ తిప్పితే ఇంకోటి: “ఒక్కసారి నన్ను సముద్రం దగ్గరికి తీసుకెళ్లు.” ముక్కూ మొహం తెలియని ఆడమనిషికి ఇలాంటివి గీసి పంపడం మర్యాదేనా? నేను పెళ్లైనదాన్ని, బట్టలు కుట్టుకుని బతికేదాన్ని. మా ఆయన సలీం కూడా ఆ గీతలు చూశారు. సముద్రానికి ఎవరు ఎవరిని తీసుకెళ్లాలని అడిగి, అన్నం సగంలో లేచిపోయారు.

ఖుర్షిదా

తా.క.: నేను పంపిన నవలలో హంతకుడు కాంపౌండరు. కోపం వచ్చింది కాబట్టి చెప్పేస్తున్నాను.


సింగరాయకొండ

అమ్మా ఖుర్షిదా,

ఆ పుస్తకాలు నేను తెరిచి కూడా చూడలేదు. అవి నా భార్య ఆదెమ్మవి. కిందటేడు అలిగి అద్దంకిలో పుట్టింటికి వెళ్లిపోయింది. వెళ్లేముందు, గోడతోనైనా రెండు మాటలు చెప్పుకోవచ్చు గానీ నీతో కుదరదంది. దానికీ నేనేమీ అనలేదు. నాలుగు రోజులుంటే తనే వస్తుందనుకున్నాను. రాలేదు. ఆ ఉక్రోషంలో పుస్తకాలు మీకు పంపేశాను.

ఆ గీతలు ఆమెవే అయ్యుండాలి. ఆమె చదువుకుంటుంటే లైటు ఆర్పమన్నానే గానీ, ఏం చదువుతున్నావని ఎప్పుడూ అడగలేదు. ఆమె ఉన్నప్పుడు నేను మాట్లాడకపోవడం కూడా ఇంట్లో ఒక మనిషిలా ఉండేది. ఇప్పుడు అదీ లేదు. ఇంకేం గీసిందో దయచేసి రాయండి. సలీం గారిని మన్నించమన్నానని చెప్పండి.

బుల్లయ్య

తా.క.: కాంపౌండరని తెలిసినా చివరిదాకా చదివాను. అంత మంచివాడు చంపాడంటే నమ్మబుద్ధి కాలేదు.


పిడుగురాళ్ల

బుల్లయ్య అన్నయ్యకి,

నా తొందరపాటు మన్నించాలి. మిగతా గీతల మాటలు ఇవి: “ఏం తిన్నావని కాదు, ఏం అనుకుంటున్నావని అడుగు.” “నువ్వు నన్ను పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్లైంది?” “మీసం లేని మొహంలో మనసు కనిపిస్తుంది.” ఈ చివరిది నాకూ అర్థం కాలేదు గానీ, గీత మాత్రం గట్టిగా నొక్కి గీసి ఉంది.

ఇవన్నీ సలీంకి చదివి వినిపించాను. ఆయన, నువ్వేం అనుకుంటున్నావని నన్ను అడిగారు. ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదేమో, నేను జాకెట్టు గుండీల గురించి ఏదో అన్నాను. తర్వాత వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకున్నాను.

పాకల సముద్రం మీకు ఆటోలో వెళ్లే దూరమేనట కదా. పుస్తకాలు తిరిగి పంపుతున్నాను. మీరు వెళ్లి మనిషిని తెచ్చుకోండి.

మీ చెల్లెలు,
ఖుర్షిదా

తా.క.: సలీం అద్దం ముందు నిలబడి మీసం తడుముకుంటున్నారు. కత్తెర దాచేశాను.


సింగరాయకొండ

ఖుర్షిదా అక్కకి,

నేను ఆదెమ్మని. ఈయన మీసం తీయించుకుని మా పుట్టింటి వాకిట్లో నిలబడ్డారు. ఎవరో పోయారనుకుని మా అమ్మ శోకాలు మొదలుపెట్టింది. పక్కింటివాళ్లు కూడా వచ్చి ఏడ్చాక గానీ ఎవరూ పోలేదని తేలలేదు. అప్పుడు ఈయన, బళ్లో పద్యం అప్పజెప్పినట్టు, గీతల మాటలన్నీ చెప్పడం మొదలుపెట్టారు. మధ్యలో మర్చిపోయి ఆగిపోయారు. నేల చూపులు చూసి, చివరికి ఒక్కటి సొంతంగా అన్నారు.

“నువ్వు లేకపోతే తోచట్లా, ఆదెమ్మా.”

నేను చీరలు సర్దుకున్నాను.

పాకల వెళ్లాం. అలలు కాళ్లు తడిపినా లేవకుండా, చిన్నప్పుడే పోయిన తమ్ముడి గురించి చెప్పారు. ఈయనకొక తమ్ముడుండేవాడని నాకు ఆ రోజే తెలిసింది.

నీకొక్కదానికే చెబుతున్నానక్కా, ఆ గీతలు నావి కావు. ఆ నవలలు ఒంగోలు బస్టాండు దగ్గర పాత పుస్తకాల బండి మీద కొన్నాను, గీతలతో సహా. పుస్తకంలో గీతలు గీసేవాళ్లంటే నాకు చిరాకు. ఈయనకు చెప్పలేదు. చెప్పను కూడా.

ఆదెమ్మ

తా.క.: గీసినావిడ ఎవరో గానీ, ఇప్పుడు రోజూ ఆమే గుర్తొస్తోంది. నీకు ఎక్కడెక్కడి నుంచో పుస్తకాలు వస్తాయి కదా. అలాంటి గీత మళ్లీ కనపడితే ఆమెది ఏ ఊరో కనుక్కో. ఆమె సముద్రం చూసిందో లేదో. చూడకపోతే మనమే తీసుకెళ్దాం.