ఇది ఊదుగొట్టం కాదు, స్టెతస్కోపు

చిత్తూరు జిల్లా పుంగనూరులో కాపురముండే మల్లప్ప కొడుకు ఎల్లప్ప అనే నేను, డెబ్బై నాలుగేండ్ల వయసులో, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాసిన వీలునామా. కాళ్ళలో సత్తువ తగ్గింది గానీ బుద్ధికేమీ కాలేదు. నేను చదివింది మూడో తరగతి. అందుకని బడి అయ్యవారు నారాయణస్వామిని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. అక్షరాలు దిద్దవచ్చు, మాటలు దిద్దకూడదని ముందే చెప్పినాను. దీన్ని జరిపించే బాధ్యత కూడా ఆయనదే.

1. నేనుండే పెంకుటిల్లు, వెనక కొట్టం పెద్దకొడుకు గంగులప్పకు చెందాలి. కొట్టం కప్పు కురుస్తుందని పదేండ్లుగా చెబుతున్నాను. ఇకమీద అతని నెత్తినే కురుస్తుంది.

2. కుప్పంలో చిన్నకొడుకు ముద్దుకృష్ణ టైర్ల అంగడి పెట్టుకున్న స్థలం అతనికే. నా చేతి గడియారం కూడా. అది రోజూ పది నిమిషాలు వెనకబడుతుంది, అతనికి సరిపోతుంది.

3. చనిపోయిన నా భార్య అంజమ్మ కమ్మలు గంగులప్ప కూతురు సరోజకు. పిల్లకు తొమ్మిదేండ్లు. అవి ఇప్పుడే పెట్టవచ్చు, నేను చచ్చేదాకా ఆగనక్కరలేదు.

4. ఇది అసలు సంగతి. నా ట్రంకు పెట్టెలో ఉండవలసిన వస్తువు ఒకటి వంటింట్లో పొయ్యి పక్కన దొరికింది. జానెడు పొడవు, నల్ల కొయ్య. ఒక కొన గంట మాదిరి, ఇంకో కొన చెవికి ఆనే బిళ్ళ మాదిరి, నడుమ ఈ చివరి నుంచి ఆ చివరికి బెజ్జం. దాని పేరు స్టెతస్కోపు. ఈ ఇంట్లో దాన్ని ఊదుగొట్టమంటారు. వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ముద్దుకృష్ణ వచ్చినప్పుడంతా "స్టెతస్కోపంటే డాక్టర్లు మెడలో ఏసుకునే రబ్బరు గొట్టం నాయనా. ఇది నీకెవురో అంటగట్టినారు" అని నవ్వుతాడు. రబ్బరు రాకముందు ఉన్నది ఇదే. మదనపల్లె దగ్గర క్షయ ఆసుపత్రిలో ఇరవై ఆరేండ్లు వార్డు బాయిగా చేసింది నేను, నువ్వు కాదు.

దీన్ని నాకిచ్చింది అక్కడి డాక్టరు లక్ష్మీపతి గారు, రిటైరై పోతూ. ఆయనకు ఆయన గురువు ఇచ్చినాడట. పేరుకు అర్థం కూడా ఆయనే చెప్పినాడు. గ్రీకు మాటలు రెండు కలిపి పెట్టిన పేరది. మొదటిదానికి రొమ్ము అని, రెండోదానికి చూడటమని అర్థం. రొమ్ము చూసేది, అంతే. నూట అరవై ఏండ్ల కిందట ఒక ఫ్రెంచి డాక్టరు దగ్గరికి గుండె జబ్బుతో ఒక వయసు ఆడమనిషి వచ్చిందట. ఆ కాలంలో రోగి రొమ్ముకు చెవి ఆనించి వినేవాళ్ళు. ఆయనకు సిగ్గయింది. కాగితాలు చుట్టగా చుట్టి ఒక కొన ఆమె రొమ్ముకు, ఇంకో కొన తన చెవికి పెట్టుకున్నాడు. చెవి ఆనించినదానికన్నా బాగా వినబడింది. తర్వాత కొయ్యతో చేసినాడు. ఆయన కూడా మొదట ఉత్త గొట్టమనే అన్నాడట, ఈ పేరు వెనకనే పెట్టినాడు.

చెవికి పెట్టుకునేదానికి చూడటమని పేరేంది సామీ అని అడిగినాను. "లోపలుండేది కండ్లకు కనపడుతుందా ఎల్లప్పా? చెవితోనే చూడాల" అన్నాడు ఆ మహానుభావుడు.

5. పోయిన శుక్రవారం గంగులప్ప భార్య అమరావతి దానితోనే పొయ్యి ఊదుతోంది. అరిచి లాక్కున్నాను. తుడవబోతే బిళ్ళ మీద నెత్తురు, బియ్యపుగింజంత. అడిగితే "పంటి సిగురు మామా" అంది. ఆరు నెలలుగా దగ్గు. రవికెలు వదులై పైట గుంజి గుంజి కప్పుకుంటోంది. ఇట్లాంటి పంటి చిగుళ్ళను నేను వార్డులో వందల్లో చూసినాను. గంగులప్పను నిలదీస్తే "పొగకు దగ్గుతాండాది నాయనా. క్షయ అని ఊర్లో తెలిస్తే రేపు మన సరోజను ఎవురు చేసుకుంటారు?" అంటాడు. తొమ్మిదేండ్ల పిల్ల పెండ్లికి ఇప్పుడే బెంగ. ఆ పిల్ల రోజూ తల్లి పక్కలోనే పడుకుంటుందే, దానికి మాత్రం బెంగ లేదు.

నేను విని చెప్పలేను. నా చెవులు మందమైనాయి. బాగున్నా మామ కోడలి రొమ్ముకు గొట్టం పెడితే వీధి ఊరుకోదు. ఆ ఫ్రెంచి డాక్టరు సిగ్గుపడి ఒక దారి వెతికినాడు. మీరు సిగ్గుపడి దగ్గు దాస్తున్నారు.

6. కాబట్టి నా స్వార్జితమైన బావి కింది రెండెకరాల మడి నా తదనంతరం సర్వహక్కులతో అమరావతికే చెందాలి. గంగులప్పకు కాదు. అమరావతి నాకన్నా ముందు పోతే ఆ మడి నా కొడుకులెవరికీ రాకూడదు. అమ్మి, వచ్చినదంతా క్షయ ఆసుపత్రికి ఇవ్వాలి. గంగులప్పా, మడి కావాలంటే పెండ్లాన్ని బతికించుకో. నా కాలంలో వార్డు నుంచి మేము శవాలుగా మోసుకుపోయినవాళ్ళే ఎక్కువ. ఇప్పుడు సూదులు, మాత్రలు వచ్చినాయి. ఈమెను మోసే పని నాకు పెట్టవద్దు.

7. స్టెతస్కోపు అమరావతికే. పొయ్యి ఊదేదానికి కాదు. సంతలో ఇనప ఊదుగొట్టం తెచ్చి పొయ్యి పక్కన పెట్టినాను, ఆమె తేరుకునేదాకా గంగులప్ప ఊదుతాడు. నయమైనాక దాని పేరూ అర్థమూ సరోజకు ఆమే నేర్పాలి. ఈ ఇంట్లో ఒక్కరైనా ఆ పేరు సరిగా పలకాలి.

వీలునామా మనిషి చచ్చినాకే చెల్లుతుందని అయ్యవారు చెప్పినాడు. దగ్గు అంతదాకా ఆగదు. అందుకని నిన్న ఇంట్లో అందరి ముందరా దీన్ని చదివించి, అమరావతిని తీసుకొస్తేనే, సంతకం ఆసుపత్రిలోనే పెడతానని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. గంగులప్ప ఈ రోజు పొద్దున్నే బస్టాండుకు మాకన్నా ముందుపోయి సీట్లు పట్టినాడు.

ఇప్పుడు సంతకం పెడుతున్నాను. అమరావతి లోపలి గదిలో డాక్టరు దగ్గర ఉంది. గంగులప్ప తలుపు దగ్గర నిలబడినాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. రొమ్ము చూస్తున్నారు.

ఏడో అంశం దాకా పుంగనూరులో రాసింది 11-2-1979
మదనపల్లె క్షయ ఆసుపత్రి వరండాలో మిగతాది రాసి సంతకం పెట్టింది 12-2-1979, సోమవారం

(సంతకం) మ. ఎల్లప్ప

సాక్షులు:
నారాయణస్వామి, బడి అయ్యవారు, పుంగనూరు
శారదమ్మ, నర్సు, ఆడవాళ్ళ వార్డు