మిమ్మల్ని కాదు

బావా,

అసూయ కాదంటే నువ్వెలాగూ నమ్మవు. రేకుల షెడ్డుతో మొదలైన మీ యూనివర్సిటీ ఇప్పుడు నా కుట్టుపనినే డిగ్రీగా నేర్పి, ఉద్యోగం చేతిలో పెట్టి పంపిస్తోంది. నిన్నటి పట్టాల పంపిణీ సభలో మీ యూనివర్సిటీ పెద్దాయన ఆ గొప్పలన్నీ చెప్పి, "పట్టభద్రులంతా లేవండి" అన్నాడు. నీ మేనకోడలితోపాటు నేనూ లేచాను. ముప్పై ఏళ్లు మిషను తొక్కిన కాళ్లు, ఆగుతాయా?

"కూర్చోండి, మిమ్మల్ని కాదు!" అంటూ మీ చెల్లెలు చొక్కా పట్టి లాగింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ కడుపు మండింది బావా, అదీ కన్నకూతుర్ని చూసి.

నువ్వు అక్కడి ఆఫీసులోనే ఉన్నావుగా, యాభై దాటినవాణ్ణి చేర్చుకుంటారేమో కనుక్కో. అమ్మాయికి మాత్రం చెప్పకు, దానికి జూనియర్నవుతానంటే ఊరుకోదు.

అదుగో, "నాన్నా, టేపు పట్రా, నీకు కోటు కుడతా!" అని పిలుస్తోంది. నా కొలతలు అదే తీస్తుందట, పైగా నన్ను చేతులెత్తి నిలబడమంటోంది. ఈసారి నన్నే, బావా!