నఖబ్ దిగని ఇరవై రెండు లారీలు

అఖబా,
సెప్టెంబరు 14

ప్రియమైన నాన్నకు,

ఫోన్‌లో నీకు వినపడదు. నేను అరిస్తే నీకు తప్ప ఆఫీసందరికీ వినపడుతుంది. అందుకే ఈ ఉత్తరం డ్రైవర్ హమ్దాన్ చేతికిచ్చి పంపుతున్నాను. మన మఆన్‌లో టీ తాగకుండా ఏ లారీ ముందుకు పోదు కదా!

ఉద్యోగం ఖాయమైంది. కంపెనీ లారీల్లో ఏది ఎప్పుడు బయల్దేరాలో, రేవు గేటు దగ్గర ఏది ముందు నిలబడాలో ఇక చెప్పేది నేనే. నువ్వు నడిపిన లారీలే, నీతో తిరిగిన మనుషులే. మొదటి రోజు అబూ గాలిబ్ బాబాయ్ వచ్చి, "అమ్మాయ్, సారు లేడా?" అన్నాడు.

"సారు నేనే బాబాయ్."

"అయితే సారుకి చెప్పు, నాకు బుద్ధి పుట్టినప్పుడు బయల్దేరతానని." గదిలో ఒకటే నవ్వు.

నేనూ నవ్వాను. తర్వాత వారమంతా గేటు దగ్గర నిలబడి చూశాను. లారీలన్నీ ఒకేసారి వచ్చి ఆరేసి గంటలు ఎండలో పడి ఉంటున్నాయి. ఒక్కొక్కరికి ఒక్కో వేళ పెట్టాను. ఇప్పుడు గంటలో పని అయిపోతోంది. నిన్న అదే అబూ గాలిబ్ బాబాయ్ వచ్చి, "వారంలో రెండు రాత్రులు ఇంట్లో పడుకుంటున్నా. మా ఆవిడ తలుపు తీసి, ఎవరు కావాలండీ అంటోంది" అన్నాడు.

నీ నుంచి 'సరే' అని ఒక్క మాట రావాలి. రాయవూ?

నీ నుహా

మఆన్,
సెప్టెంబరు 20

నా తల్లి నుహాకి,

ఒక్క మాట అడిగావు. రాస్తున్నాను. వద్దు.

ముప్ఫై ఒక్క ఏళ్ళు నఖబ్ ఘాట్ ఎక్కి దిగినవాణ్ణి. బ్రేకు మీద కాలు పెట్టని మనిషి మాట డ్రైవరు వినడు. ఇవాళ నీ ఎదుట నవ్వాడు, రేపు నీ వెనక నవ్వుతాడు. టీ కొట్టులో అప్పుడే మొదలుపెట్టారు: "ఏం పెద్దాయనా, రెండో గ్లాసు తాగడానికి కూతురి అనుమతి ఉందా?" అని. ఎన్నాళ్ళని ఊరుకోను?

ఇక్కడ ఆడపిల్లల బడిలో టీచరు ఉద్యోగం ఇంకా ఖాళీగానే ఉంది. ఆలోచించు. మీ అమ్మ ఎండబెట్టిన పెరుగు ఉండలు పంపుతోంది. వేళకు తిను.

మీ నాన్న

అఖబా,
నవంబరు 12

ప్రియమైన నాన్నకు,

నీకు చాలా వరకు తెలిసే ఉంటుంది. అయినా నా నోటితో చెప్పాలి.

ఆ రోజు పొద్దున ఇరవై రెండు లారీల టమాటాలు మఆన్‌లో ఉన్నాయి. సాయంత్రం ఐదింటికి ఓడ. ఇక్కడ ఎండ కాస్తోంది. కానీ దారిలో ఉన్న కువైరా పెట్రోలు బంకు అతనికి ఫోన్ చేస్తే, "కొండల మీద నల్లగా కమ్ముకుందమ్మా, వాగులోకి ఎర్రనీళ్ళు దిగుతున్నాయి" అన్నాడు. పదకొండింటికి అందరికీ చెప్పాను: నఖబ్ దిగొద్దు, నేను చెప్పేదాకా అక్కడే ఉండండి.

మా యజమాని అదీబ్ గారు పరుగెత్తుకొచ్చారు. "ఆ కుర్చీలో మగాడుంటే ఈపాటికి లారీలు దారిలో ఉండేవి!"

"అవును సార్. ఒంటిగంటకి వాగులో ఉండేవి."

"సాయంత్రానికి లారీలు రాకపోతే రేపు నువ్వూ రానక్కర్లేదు."

సరేనన్నాను. మాట మాత్రం మార్చలేదు. ఒంటిగంటకి అఖబా దారి పక్కనున్న యుతుం వాగు పొంగి రోడ్డును నాలుగు చోట్ల కోసేసింది. సరిగ్గా మనవాళ్ళు అక్కడ ఉండాల్సిన వేళ. ఓడ వెళ్ళిపోయింది. లారీల్లో చల్లదనం తగ్గకుండా మఆన్‌లోనే డీజిల్ పోయించాను. సరుకు మూడు రోజులకి ఇంకో ఓడ ఎక్కింది.

ఇప్పుడు అదీబ్ గారు కంపెనీ లారీలన్నిటి బాధ్యతా నన్ను తీసుకోమంటున్నారు. అమ్మాన్ నుంచి అఖబా దాకా.

కానీ నాన్నా, ఆ పొద్దున నువ్వు టీ కొట్టులో డ్రైవర్లతోనే ఉన్నావట. చాలాసేపు మాట్లాడావట. ఏం మాట్లాడావని అడిగితే హమ్దాన్, "పెద్దాయన్నే అడుగమ్మా" అని తప్పించుకున్నాడు. నాకు అర్థమైంది. వాళ్ళు ఆగింది నా మాటకు కాదు, నీ మాటకు. నీ చేతులు ముద్దు పెట్టుకుంటున్నాను. కానీ నీ పేరు మీద నడిచే పదవి నాకొద్దు. కాదని చెప్పేస్తాను.

నీ నుహా

అఖబా,
నవంబరు 24

నాన్నా,

పన్నెండు రోజులైంది, నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. కోపమా? ఆదివారం అదీబ్ గారికి జవాబు చెప్పాలి.

నుహా

మఆన్,
నవంబరు 26

నా బంగారు తల్లి నుహాకి,

కోపం కాదు, సిగ్గు. మూడు కాగితాలు చింపేశాను. ఇది నాలుగోది.

నేను వాళ్ళని ఆగమనలేదు. వెళ్ళమన్నాను.

అదీ బల్ల గుద్ది మరీ చెప్పాను. "ఈపాటి మబ్బుకే లారీలు ఆపితే రేపు ఊరంతా మన మొహాన నవ్వుతుంది. మా పిల్లకేం తెలుసు? హమ్దాన్, తాళంచెవి ఇటివ్వు. ముందు బండి నేను నడుపుతా, మీరు వెనకే రండి" అన్నాను.

హమ్దాన్ తాళంచెవి జేబులో వేసుకున్నాడు. అబూ గాలిబ్ లేచి నా చెవి దగ్గరకొచ్చి, నాకు వినపడేలా గట్టిగా చెప్పాడు: "పెద్దాయనా, నిన్ను నెత్తిన పెట్టుకుంటాం. బండ్లు మాత్రం కదలవు. నుహా ఆగమంది."

"దానికన్నా నాకు ఎక్కువ తెలుసురా!"

"తెలుసు. మాకు రోడ్డు నేర్పింది నువ్వే. కానీ ఈ రెండు నెలల్లో ఆ పిల్ల చెప్పిన వేళ ఒక్కసారీ తప్పలేదు."

ఇరవై రెండు మందిలో ఒక్కడూ లేవలేదు. నేనొక్కణ్ణే లేచి ఇంటికొచ్చాను. మీ అమ్మ అన్నం పెడితే తినలేదు. సాయంత్రం వాగు సంగతి తెలిసింది. అప్పుడు లెక్క వేసుకున్నాను: వాళ్ళు నా మాట విని ఉంటే ఆ ఒంటిగంటకి అందరికన్నా ముందు బండిలో నేనుండేవాణ్ణి.

వాళ్ళు నీకోసం నన్ను కాదన్నారు తల్లీ. నా పేరుకి అక్కడ ఏ విలువా లేకపోయింది. ఆ రోజంతా దానికి కుమిలిపోయాను. ఇప్పుడు అదే సంగతి పిలిచి మరీ అందరికీ చెబుతున్నాను.

ఆదివారం మీ యజమానికి సరేనని చెప్పు. సోమవారం హమ్దాన్ బండిలో వస్తున్నాను. నీ గదిలో ఒక మూల కుర్చీ వేయించు, కూర్చుని చూస్తాను. నోరు తెరవను. తెరిస్తే, అందరి ముందూ బయటికి పొమ్మను.

మీ నాన్న