విట్‌కోమ్ దొర ముఖం

చిరంజీవి తమ్ముడు ఏమోస్‌ను అన్న గిడియన్ దీవించి రాస్తున్నది. నా దగ్గు తగ్గింది, మీ వదిన కులాసా. మన ఊరు స్కిడెగేట్‌లో మీరంతా చల్లగా ఉన్నారని తలుస్తాను. అమ్మ పంపిన ఎండుచేప వచ్చిన వారంలోనే తినేశాం.

మేనమామ పొగ తాగే రాతి పైపు సంగతి అడిగావు. దొరికింది. ఈ ఉత్తరం తెచ్చే ఫిలిప్ దగ్గరే గుడ్డలో చుట్టి ఉంది. ఎలా దొరికిందో మాత్రం నీకే రాస్తున్నాను.

మామ శవపేటిక పగలగొట్టి దాన్ని పట్టుకుపోయిన విట్‌కోమ్ ఈ పట్నంలో పెద్దమనిషి. పైపును తన పేరు మీదే ఉంచుకుని, చూపుకు మాత్రం మ్యూజియంలో అద్దాల బీరువాలో పెట్టించాడు. ఇమ్మని అడగబోతే, "చచ్చినవాడు పొగ తాగుతాడా గిడియన్?" అని నవ్వాడు. పైగా, మ్యూజియానికి కానుకగా ఇవ్వడానికి మన నల్లరాతితో ఇంకో పైపు చెక్కిపెట్టమన్నాడు.

సరేనన్నాను. చలికాలమంతా చెక్కాను. దాని మీద పేటికలో చెయ్యి పెట్టి వంగిన తెల్లవాడు, వాడి కోటు ముక్కుతో పట్టి లాగుతున్న కాకి. మనవాళ్ళు ఓడల్లో వచ్చే తెల్లవాళ్ళ బొమ్మలు చెక్కడం మామూలే కనుక దొరకు అనుమానం రాలేదు.

కానుక ఇచ్చిన రోజు పట్నం పెద్దలంతా వచ్చారు. దొర భార్య బీరువా దగ్గర వంగి చూసి, "ఏమండీ, ఇది మీ ముఖమే. కుక్క కొరికిన చెవి కూడా చెక్కాడు," అంది. ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు.

"ఆ పేటిక ఎవరిది విట్‌కోమ్?" అని జడ్జీగారు అడిగారు.

మర్నాడు మామ పైపు పట్టుకుని దొర నా గుమ్మంలో నిలబడ్డాడు. "ఇది తీసుకో. నువ్వు చెక్కినదాన్ని పగలగొట్టు."

"మీరే ఇచ్చేశారు కదా దొరగారూ. అదిప్పుడు మ్యూజియం వాళ్ళది. నా చేతిలో ఏముంది?"

"పోనీ, మళ్ళీ ఆ ముఖం చెక్కనని మాటివ్వు."

మాటిచ్చాను. పైపు తీసుకున్నాను. మామ ఎముకలేం చేశావని అడిగాను. "గుర్తులేదు," అన్నాడు.

ఇది అమ్మకు చెప్పకు. వాడు పశ్చాత్తాపపడి ఇచ్చాడని చెప్పు. వాణ్ణి క్షమించమని ఆమె ప్రతి ఉత్తరంలోనూ రాయిస్తోంది, నేను అలాగేనంటూ వస్తున్నాను. అది అబద్ధం తమ్ముడూ. పైపు చేతికొచ్చాక నా కోపం ఇంకా పెరిగింది.

ఇచ్చిన మాట తప్పను. ఆ ముఖం నేను చెక్కను. నువ్వు ఏ మాటా ఇవ్వలేదు. రాయి తీసే కొండ నీ ఇంటి దగ్గరే. ముఖం నాలుగు వైపుల నుంచీ గీసి పంపుతున్నాను. వేసవిలో ఓడలు వస్తాయి. కొనేవాళ్ళు ఇతనెవరని అడిగితే పేరు చెప్పి మరీ అమ్ము.

ఇట్లు,
నీ అన్న
గిడియన్