అమ్మ నమ్మని గొంతు

పుంగనూరు,
శుక్రవారం.

చిరంజీవి మల్లికార్జునకు నీ పెద్దక్క దీవెనలు. స్వామి దయవల్ల ఇక్కడ అందరం లేచి తిరుగుతూ ఉన్నాము. నువ్వూ, సుమతీ, పాపా కులాసా అని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. ఇప్పటికీ తలుపు మూసిన గదిలో పడుకోలేకపోతున్నానని, బస్సెక్కితే చెమటలు పడుతున్నాయని రాశావు. తుపాకుల మధ్య అన్ని రోజులు విమానంలో కూర్చున్నవాడివి. అంత త్వరగా పోయే భయం కాదు. సుమతిని మాత్రం విసుక్కోవద్దు. మీ బావ మదనపల్లెకు టమోటాలు తీసుకుపోయి, ధర లేక మార్కెట్లోనే పారబోసి వచ్చారు. నా మోకాళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి.

ఇక నువ్వు అడిగిన దానికి జవాబు. అమ్మకు మతి తప్పలేదు. ఫోనులో నిన్ను హరీష్ అని పిలిచింది మరుపు వల్ల కాదు. నా వల్ల.

మీ విమానాన్ని హైజాక్ చేశారని టీవీలో చెప్పగానే నేను వైరు పీకేసి, చెడిపోయిందన్నాను. నువ్వు సెలవు మీద వస్తున్నావని అమ్మ వాకిట్లోనే కూర్చుంది. "నా కొడుకు యాడుండాడో, ఒక ఫోను సేసేదానికి కూడా తీరలేదేమో" అంటూ అన్నం మానేసింది. చూడలేక, కుప్పంలో ఉన్న మా అబ్బాయి హరీష్ చేత నీలాగా ఫోను చేయించాను. సెలవు దొరకలేదు, వచ్చే నెల వస్తానన్నాడు. అమ్మ "సరే నాయనా" అని పెట్టేసి అన్నం తిన్నది.

మర్నాడు పక్కింటి రమణమ్మ వచ్చి అమ్మ చేతులు పట్టుకుని ఏడ్చింది. అంతా బయటపడింది. అమ్మ నా మీద కోప్పడలేదు. "మాట్లాడింది హరీషేనని అప్పుడే తెలిసింది ఆదెమ్మా. నువ్వు అంత కష్టపడితివే అని ఊరకుంటి" అన్నది.

మీరు విడుదలై నువ్వు ఫోను చేసిన రోజు నీ గొంతు బొంగురుపోయి ఉంది. అమ్మ విని, నా వైపు తిరిగి, "బిడ్డ చేత యాల మళ్లీ అబద్ధం సెప్పిస్తావు" అన్నది. పేపర్లో నీ ఫొటో చూపించాను. "పోయినోళ్లకే గదా పేపర్లో ఫొటో ఏసేది" అన్నది. 

అమ్మ ఏడవడం లేదు. వేళకు తింటోంది. అదే నా బాధ. నువ్వు పుట్టినప్పటి నుంచి నీ పేరున అమ్మ శనివారాలు ఒక్కపొద్దు ఉంటుంది కదా. జ్వరంలో కూడా రాత్రి మెతుకు ముట్టి ఎరగదు. పోయిన శనివారం రాత్రి తనే కంచం తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. మీ బావ సంతోషపడి, "అత్తా, ఇంకొంచెం సారు పోసుకో" అన్నారు. నేను లేచి పెరట్లోకి వెళ్లిపోయాను.

నీకు ప్రయాణం ఎంత కష్టమో తెలిసే అడుగుతున్నాను. రైలులో తలుపు దగ్గర కూర్చుని రా. కుప్పం స్టేషనుకు హరీష్ వస్తాడు. రేపటి నుంచి నీ ఒక్కపొద్దు నేను ఉంటాను. కానీ నాయనా, అది అక్క ఉండవలసింది కాదు.

ఇట్లు,
నీ రాక కోసం చూస్తున్న
పెద్దక్క ఆదెమ్మ